మోకాలి లోతు నీళ్ళు

జూలై 8, సోమవారం

ఏడోది. పొద్దున్నుంచీ ఆఫీసులో అందరి నోటా అదే మాట. ఏడోదాన్ని మూసేశారా, ఏడోదానికి ఫోను చేశారా, ఏడోదాని దగ్గర డ్యూటీలో ఎవరున్నారు. అదేదో జబ్బు పేరైనట్టు గొంతు తగ్గించి మరీ అంటున్నారు.

నిన్న ఆదివారం. సిటీ నుంచి సెలవులకి వచ్చిన కుటుంబం, తల్లీ, తండ్రీ, ఎనిమిదేళ్ళ పాపా. మా టూరిజం ఆఫీసు వేసిన ‘చూడదగ్గ పది చోట్లు’ పట్టుకుని ఒకటో నంబరు నుంచి వరసగా చూసుకుంటూ వచ్చారట. ఏడోది కొంగల మడుగు. పాప నీళ్ళలోకి దిగింది, మునిగింది. గేటు దగ్గర కాపలా ఉండే తాతా, పాప తండ్రీ కలిసి పైకి తీశారు. ఇప్పుడు పెద్దాసుపత్రిలో మెషీను మీద ఊపిరి తీసుకుంటోంది.

ఆ పుస్తకం రాసింది నేను. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను, ఇవాళ చెప్పుకోవడానికేం? ఈ నేల బల్లపరుపు. కొండ లేదు, సముద్రం లేదు, ఎటు చూసినా పొలం, దాని చివర ఇంకో పొలం. ఇక్కడ చూడటానికేముందని అడిగితే ఏమీ లేదని ఒక్క మాటలో తేల్చెయ్యచ్చు. అలాంటి చోట పది వెతికాను. ఒకటి పొద్దుతిరుగుడు తోటలు. రెండు పాత నీళ్ళ ట్యాంకు, పైకెక్కితే నాలుగు ఊళ్ళు కనిపిస్తాయి. మూడు, ఒక్క వంపు కూడా లేని పధ్నాలుగు మైళ్ళ రోడ్డు. పదోదానికి ఏం దొరక్క ‘ఆకాశం’ అని పెట్టాను. ఆఫీసరు గారు పగలబడి నవ్వారు, కానీ జనం వచ్చి నిజంగానే పొలం మధ్యలో వెల్లకిలా పడుకుని చూసి వెళ్తున్నారు.

ఏడోదానికి ఆ పేరు కూడా నేను పెట్టిందే. అంతకుముందు అందరూ మట్టిగుంట అనేవాళ్ళు. ఇటుకల వాళ్ళు మట్టి తవ్వుకుపోయిన గుంట.

నేను రాసింది నీళ్ళు మోకాలి లోతని. దిగమని రాయలేదు.

జూలై 9, మంగళవారం

పాప ఇంకా కళ్ళు తెరవలేదు.

సరే, ‘పిల్లలు దిగి ఆడుకోవచ్చు’ అని కూడా ఉంది. ఇవాళ తీసి చూశాను. ఉంది.

జూలై 10, బుధవారం

అసలు సంగతి గుర్తొచ్చింది. నా తప్పు కాదు.

నిరుడు ఏప్రిల్‌లో డ్రైవరుతో కలిసి ఏడోదాని దగ్గరికి వెళ్ళాను. మా ఆఫీసులో తిరగాల్సిన తిరుగుళ్ళన్నీ ఎండాకాలంలోనే తిరుగుతాం. వాన పడిందంటే ఆ మట్టిరోడ్ల మీద జీపు దిగబడుతుంది, ఇక తోసుకోవడమే. బట్టలు పైకెత్తి పట్టుకుని గుంట మధ్య దాకా నడిచాను. మోకాళ్ళ దాకే వచ్చాయి. ఒడ్డు మీంచి డ్రైవరు ఫోటో తీశాడు, అదే ఏడో పేజీలో వేశారు. వెనక నుంచి తీసింది కాబట్టి నేనని ఎవరికీ తెలీదు. ఆ రోజే గేటు తాత చెప్పాడు, వానలు పడితే ఇక్కడే రెండు నిలువుల లోతు అని. నేను రాశాను. ‘వానలు పడ్డాక దిగకూడదు’ అని ఒక వాక్యం రాశాను. చేత్తో రాసిన సంగతి నాకు గుర్తుంది. అచ్చులో లేదు.

మరి ఎవరు తీసినట్టు? పుస్తకం జేబులో పట్టేంత. పేజీకి పైన ఫోటో, కింద ఎనిమిది లైన్లు. తొమ్మిదో లైను పట్టదు. ప్రెస్సులో పేజీలు కూర్చింది మా ఆయన.

సాయంత్రం ఆయన గుమ్మంలో బూట్లు విప్పుకుంటుండగానే అడిగేశాను. ఆగే ఓపిక నాకెక్కడిది?

"నేనిచ్చిన కాగితంలో వానల సంగతి ఉంది. అచ్చులో ఏమైంది?"

"నాకు గుర్తులేదు."

"లైను పట్టక మీరే కోసేసుంటారు."

ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళలో ఇంట్లో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక నావే.

"కోస్తే నిన్నడుగుతాను కదా," అన్నారు చివరికి.

అడగలేదేమో ఈసారి అన్నాను. ఏమో అన్నారు. ఆ ‘ఏమో’ వింటే ఒళ్ళు మండింది. తప్పు చెయ్యని మనిషి ఏమో అంటాడా?

జూలై 12, శుక్రవారం

ఏడోదాని దగ్గరికి వెళ్ళొచ్చాం, డ్రైవరూ నేనూ. గేటుకి తాళం వేసి కాగితం అంటించి రమ్మన్నారు. జీపు రెండుసార్లు దిగబడింది.

గుంట నిండా నీళ్ళు, టీ రంగులో. ఒడ్డు ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలీకుండా గడ్డి అంచుకి సమంగా నిలబడి ఉన్నాయి. చూస్తే ఏ పాపకీ భయం వెయ్యదు. నాకే వెయ్యలేదు, తెలిసి కూడా.

గేటు తాత గుడిసె ముందు చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసే కాగితం తయారవుతోంది. అది వస్తే గుడిసె కూడా ఖాళీ చెయ్యాలి, ఆయనకి వేరే ఇల్లు లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా నన్ను చూడగానే లేచి, పెట్టె తుడిచి, కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

ఏం జరిగిందో వరసగా చెప్పాడు. వాళ్ళు కారు దిగగానే తాత ఈల ఊదాడట, నీళ్ళలోకి వెళ్ళద్దని చెప్పాడట. తండ్రి నవ్వి పుస్తకం చూపించాడట. తాతకి చదువు వచ్చు, నెమ్మదిగా. ఏడో పేజీ అంతా వేలు పెట్టి చదివాడట.

"అచ్చులో ఉంది కదమ్మా," అన్నాడు. "ఆఫీసు వాళ్ళు మట్టి గిట్టీ పోయించి లోతు తగ్గించారేమో, నాకు చెప్పి ఉండరులే అనుకున్నా. పందొమ్మిదేళ్ళ నుంచి ఈ నీళ్ళు చూస్తన్నా. నా కళ్ళ కన్నా అచ్చుని నమ్మాను చూడు."

పాప గురించి కూడా చెప్పాడు. అడక్కుండా ఉండాల్సింది. ఫోటోలో ఉన్న ఆంటీ నిలబడ్డ చోటే నిలబడతానని పాప పేచీ పెట్టిందట. అలాగే ఫోటో తీద్దామని తండ్రి ఫోను పట్టుకుని వెనక్కి జరిగాడట. పాప ఫ్రాకు అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెళ్ళింది, మీరు పట్టుకున్నట్టే అన్నాడు.

డ్రైవరు అటు తిరిగి జీపు అద్దం తుడవడం మొదలెట్టాడు.

వచ్చేముందు తాత మెల్లగా అడిగాడు, వానల సంగతి రాయమన్నాను కదమ్మా అని.

"రాశాను తాతా. ప్రెస్సు వాళ్ళు కోసేశారు," అన్నాను.

"అట్టాగా," అన్నాడు. వెంటనే నమ్మేశాడు.

జూలై 13, శనివారం

మా ఆయనతో మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. కాకపోతే ఆయన ఎప్పుడూ అంతే కాబట్టి నేను మాట్లాడటం లేదని ఆయనకి తెలిసిందో లేదో.

నేనిచ్చిన చేతిరాత కోసం ప్రెస్సులో వెతికారట, మధ్యాహ్నం అన్నం మానేసి. పాత కాగితాలన్నీ తూకానికి వేసేశారట. చేతులకి దుమ్ము పట్టించుకుని వచ్చి ఆ మాట చెప్పి, స్నానానికి వెళ్ళారు. కావాలనే వెతకలేదేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను.

జూలై 14, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలీదు. ఆఫీసు తరఫున వెళ్ళానని అనుకుందామా అంటే ఆఫీసు పంపలేదు.

మూడో అంతస్తు. పిల్లల వార్డు బయట పొడుగాటి బెంచీ, గోడకి ఆకుపచ్చ రంగు నడుం ఎత్తు దాకా. పాప తల్లి ఆ బెంచీ మీద ఉంది. ముప్పై ముప్పై రెండు ఉంటాయేమో. జుట్టు దువ్వుకుని చాలా రోజులైనట్టుంది. పక్కన ఒక చేతిసంచీ, దాని మీద మా పుస్తకం. నీళ్ళలో తడిసి ఎండి ఉబ్బిపోయింది, పేజీలు మూసుకోవడం లేదు.

నేను ఎదురుగా నిలబడేసరికి తలెత్తి చూసింది.

"మీరు ఎవరి తాలూకు?"

"పక్క వార్డు," అన్నాను.

అలాగా, ఎవరున్నారు, ఎలా ఉంది అని అడిగింది. పరాయిదాన్ని, నన్ను కూర్చోబెట్టి నా వాళ్ళ గురించి కనుక్కుంది. మా అక్క కొడుకని చెప్పాను. నాకు అక్కే లేదు. తగ్గిపోతుంది లెండి, పిల్లలు గట్టివాళ్ళు అని నాకే ధైర్యం చెప్పింది. కొన్న పళ్ళు కూడా ఇవ్వలేక మళ్ళీ ఇంటికే తెచ్చాను. డైనింగ్ టేబులు మీద ఉన్నాయి. ఎవరికని ఆయన అడగలేదు.

జూలై 16, మంగళవారం

ఆఫీసరు గారు పిలిచారు. 24న పైఆఫీసు నుంచి విచారణకి వస్తున్నారట. అంతలోపు మన తరఫున ఒక రిపోర్టు సిద్ధంగా ఉండాలి, మీ చెయ్యి పడితే బాగుంటుంది అన్నారు. సంగతి ఏమిటంటే, కాపలా మనిషి నిర్లక్ష్యం. వాన పడుతుందని గుడిసెలో కూర్చున్నాడు, సమయానికి ఆపలేదు.

ఆపాడు కదా సార్ అన్నాను. ఆపితే పాప ఎలా దిగిందండీ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేక కాదు.

రాసిచ్చాను. బాగా వచ్చింది. ఎక్కడా తిట్టలేదు, ‘తగినంత శ్రద్ధ చూపలేదు’ అన్నాను అంతే. అబద్ధమని ఎవరూ అనలేరు. ఎక్కువ తక్కువ లేకుండా పుస్తకంలో పేజీ అంత వచ్చింది. అలవాటైన చెయ్యి కదా.

తాత మంచివాడే. కానీ ఆయన ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. ఇది నేను రిపోర్టు కోసం అనడం లేదు, నిజంగానే అంటున్నాను.

జూలై 17, బుధవారం

కొత్త అచ్చులో ఏడోది తీసేస్తున్నారు. దాని స్థానంలో ఇంకో చోటు కావాలట, శనివారంలోగా. పది చోట్లు అన్నాక పది ఉండాలి కదా అన్నారు ఆఫీసరు గారు. పాత ధాన్యం గోదాము రాయనా? గబ్బిలాలున్నాయి. ‘గబ్బిలాలు చూడవచ్చు’ అని రాయనా?

జూలై 18, గురువారం

పాప కళ్ళు తెరిచింది!

మెషీను తీసేశారు. అమ్మా అందట. ఎడమ చెయ్యి ఇంకా కదలడం లేదు, వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారట. అయినా కళ్ళు తెరిచింది. ఆఫీసులో అందరికీ ఆఫీసరు గారే టీ చెప్పారు. ఇక 24న విచారణ నామమాత్రమే అన్నారు. నేను బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

ఇక ఎవరికీ ఏమీ కాలేదు. తాత సంగతొక్కటే.

జూలై 20, శనివారం

ఆయన ఇవాళ మాట్లాడారు. భోజనాల దగ్గర. కంచంలో వేలితో గీతలు గీస్తూ అన్నారు.

"బుధవారం నేనూ వస్తాను. నేనే కోశానని చెబుతాను."

గుర్తులేదన్నారు కదా అన్నాను.

"గుర్తులేదు. కానీ నువ్వు రాశానంటున్నావు. నువ్వు రాస్తే, అది అచ్చులో లేకపోతే, మధ్యలో ఉన్నది నేనే కదా. ఇంకెవరున్నారు?"

పది రోజులుగా ఆ పేజీనే తలుచుకుంటున్నారట. తొమ్మిదో లైను కిందికి జారిపోవడం, తను దాన్ని తియ్యడం, ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోందట. అలా చెబితే ప్రెస్సులో ఉంచుతారా అని అడిగాను. ఉంచరు అన్నారు. ఆ ముసలాయన గుడిసె పోవడం కన్నా అది మేలు కదా అన్నారు.

ఆయన తాతని ఒక్కసారి కూడా చూడలేదు.

అలా చెప్పమని నేను అనలేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను. నేను అనలేదు, ఆయనే అన్నారు. ఎవరు చేసింది వాళ్ళు చెప్పుకోవడం మంచిదే. ఇన్ని రోజుల తర్వాత ఇవాళ కడుపు నిండా తిన్నాను. పళ్ళు కోసి ఆయనకీ పెట్టాను.

జూలై 21, ఆదివారం

ఏప్రిల్‌లో వెళ్ళిన తారీఖు కావాల్సొచ్చింది. నేను ఎండల్లో వెళ్ళాననీ, కళ్ళారా చూసే రాశాననీ బుధవారం చెప్పాలంటే తారీఖు ఉంటే బలంగా ఉంటుంది. మంచం కింద అట్టపెట్టెలోంచి నిరుటి డైరీ తీశాను.

కింద ఉన్నది అందులోంచి ఎత్తి రాస్తున్నాను. నా రాతే.

‘ఏప్రిల్ 19. ఏడోది తొమ్మిది లైన్లయింది. పొద్దున్నుంచీ దాంతోనే కుస్తీ. ఆయన ఎనిమిదికి మించితే పేజీ పట్టదు, నువ్వే చూసి తగ్గించివ్వు, నేను ముట్టుకోను అన్నారు. రెండే వాక్యాలున్నాయి తియ్యడానికి. ఒకటి వానలు పడ్డాక దిగకూడదు అని గేటు తాత చెప్పింది. ఇంకోటి సాయంత్రం కొంగలు వాలితే నీళ్ళ మీద తెల్లదుప్పటి పరిచినట్టుంటుంది అన్నది. దుప్పటి మాట తీస్తే పేజీకి కళే లేదు. ఈ నేలకి వానలు ఎక్కడ ఏడ్చాయి, మూడేళ్ళయింది గుంట నిండి. తాత మాట తీసేశాను. సరిగ్గా ఎనిమిది. హమ్మయ్య.’

హమ్మయ్య అని ఉంది.

చేత్తో రాసిన సంగతి గుర్తుంది. చేత్తో కొట్టేసిన సంగతి గుర్తులేదు. ఇది ఎలా కుదురుతుందో నాకు తెలీదు. ఆయన వంటింట్లో గిన్నెలు కడుగుతున్నారు. నేను ముట్టుకోను అని ఆయన అన్నారని కూడా నేనే రాశాను.

జూలై 22, సోమవారం

ఒక్క కాగితం. చింపితే ఎవరికీ తెలీదు.

కుట్టు పుస్తకం. ఇటు కాగితం చింపితే దాని జోడు కాగితం అటువైపు ఊడొస్తుంది. తిప్పి చూశాను. సెప్టెంబరు. నాకు జ్వరం వచ్చి తగ్గాక రాసిన పేజీ. నాలుగు రోజులు ప్రెస్సు మానేసి మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు, మాట్లాడితే బాగుండు అని విసుక్కుంటూ రాసుకున్నాను.

పెట్టెలో పెట్టేశాను.

జూలై 23, మంగళవారం

రేపటికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. కాలరు దగ్గర నీళ్ళు చిలకరించుకుని మరీ. చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

జూలై 25, గురువారం

ఇవి డైరీలో కాగితాలు కావు, ఆఫీసు కాగితాల వెనక వైపు. డైరీలు రెండూ, నిరుటిదీ ఈ ఏటిదీ, విచారణ వాళ్ళ దగ్గరున్నాయి.

నిన్న జరిగింది రాసుకోవాలి. విచారణకి వచ్చింది ఒక పెద్దావిడ, మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకుని. మా మీటింగు గదిలోనే కూర్చుంది. ఆఫీసరు గారు పక్కన. తలుపు బయట వరండాలో తాత, ఆ పక్క కుర్చీలో మా ఆయన. ఇద్దరూ ఒకరికొకరు తెలీదు, అయినా ఆయన జేబులోంచి రుమాలు తీసి తాతకి ఇవ్వడం కిటికీలోంచి చూశాను. తాత తలమీద వాన చుక్కలు తుడుచుకున్నాడు.

ముందు మా ఆయన్ని పిలిచారు. ఆయన లేచి చొక్కా సర్దుకుని గుమ్మం దాకా వచ్చారు. అప్పుడు నేను లేచాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన లోపలికొచ్చి ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదని తెలిసి, కాళ్ళు వాటంతటవే లేచాయి. సంచీలోంచి నిరుటి డైరీ తీసి ఆవిడ ముందు పెట్టాను. పొద్దున పెట్టెలోంచి అది ఎందుకు తీసి సంచీలో వేసుకున్నానో అప్పటిదాకా నాకు నేనే చెప్పుకోలేదు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చదివింది. మళ్ళీ నా చేతికే ఇచ్చి, పైకి చదవండి అంది. తలుపు తెరిచే ఉంది. చదివాను. దుప్పటి మాట దగ్గర ఆపబోయాను. హమ్మయ్య దాకా చదివించింది.

ఈ విషయం మీకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. మొన్న ఆదివారం అన్నాను. ఆదివారం నుంచి ఏం చేస్తున్నారని అడిగింది. దానికి, సంచీలోనే ఉన్న ఈ ఏటి డైరీ కూడా తీసిచ్చాను. రిపోర్టు రాసిన రోజు, ఆసుపత్రిలో అబద్ధమాడిన రోజు, తప్పు మా ఆయన మీద పెట్టిన రోజు, అన్నీ అందులో ఉన్నాయి. ఇవి మీ సొంత విషయాలు, ఇవ్వక్కర్లేదు తెలుసా అంది. తెలుసన్నాను. ఆఫీసరు గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, ఇక మాట్లాడరనుకుంటాను.

తాత మీద కాగితం ఆగిపోయింది. నన్ను చెప్పేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. చెబుతారో లేదో తెలీదు. బయటికొచ్చాక తాత నన్ను చూసి చేతులెత్తి దండం పెట్టబోయాడు. చేతులు పట్టుకుని ఆపాను. ఆ పని మాత్రం నా వల్ల కాదు, ఆయన దండం తీసుకోవడం.

మా ఆయనా నేనూ బస్టాపు దాకా నడిచాం. అక్కడ అన్నారు.

"నాకు నిజంగానే గుర్తొచ్చేసింది, కోసినట్టు."

క్షమించమని అడిగాను. బస్సు వస్తోంది ఎక్కు అన్నారు. పక్కనే కూర్చున్నారు. నా మీద కోపమో కాదో ఇప్పటికీ తెలీదు, అడిగే మొహమూ లేదు.

ఇవాళ పొద్దున ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన వస్తానన్నారు, వద్దన్నాను. తల్లి బెంచీ మీదే ఉంది. జుట్టు దువ్వుకుంది ఇవాళ. మీ అక్క కొడుక్కి ఎలా ఉందని అడిగింది. నాకు అక్క లేదు, ఆ పుస్తకం రాసింది నేను, ఫోటోలో ఉన్నది కూడా నేనే అన్నాను. నిల్చునే అంతా చెప్పాను, కొట్టేసిన వాక్యంతో సహా. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత, నాకెందుకు చెబుతున్నారు, అది అడుగుతోంది రోజూ, దానికే చెప్పండి అంది. తలుపు తోసి పట్టుకుంది.

పాప మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. చిన్న మొహం. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టు ఉంది. పుస్తకంలో ఆంటీ ఈవిడే అని తల్లి చెప్పింది. పాప నన్ను పైనుంచి కిందికి, మోకాళ్ళ దాకా చూసింది. మాట ఒక్కొక్కటీ వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా వస్తోంది.

"నీకు మోకాళ్ళ దాకే ఉన్నాయి కదా. నాకెందుకు ఎక్కువున్నాయి?"

"నేను వెళ్ళింది ఎండాకాలంలో. నువ్వొచ్చింది వానల్లో. వానల్లో దిగకూడదని ముందు రాశాను. తర్వాత తీసేశాను."

"ఎందుకు తీసేశావు?"

"కొంగల గురించి రాయడానికి చోటు చాల్లేదమ్మా. సాయంత్రం బోలెడు కొంగలు వస్తాయి, తెల్లగా, అందంగా ఉంటాయి. అది రాయాలని తీసేశాను."

పాప ఆలోచించింది. ఆ రోజుని గుర్తు తెచ్చుకుంటోందని తెలుస్తూనే ఉంది. తల్లి మంచం పట్టీ పట్టుకుని నిలబడింది.

"నేను చూశాను," అంది పాప. "కొంగలు లేవు."